ఉప్పునీటికి ఓర్చే మడత చాకు

మా వంటింట్లో కల్లుప్పు డబ్బాలో ఒక స్టీలు చెంచా పడి ఉండేది. స్టీలుకు ఏమవుతుందిలే అని ఎవరూ దాన్ని బయటికి తీసేవారు కాదు. ఒక వానాకాలం గడిచాక తీసి తోమితే బాగానే మెరిసింది. కానీ వెలుతురుకు పట్టి చూస్తే ఒళ్ళంతా సూదితో పొడిచినట్టు చుక్కలు. గోటితో రాస్తే గోరు తట్టుకుంటోంది. అవి మచ్చలు కావు, గుంటలు.

ఉప్పునీటి కోసం కొత్త మడత చాకు రాబోతోందని వినగానే నాకు ఆ చెంచా గుర్తొస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్ పట్టణానికి చెందిన స్పైడర్కో కంపెనీ ‘సాల్ట్’ పేరుతో ఇలాంటి చాకులనే ఒక వరసగా చేస్తోంది. పడవల మీద పనిచేసేవారు, నీళ్ళలో మునిగేవారు, చేపలు పట్టేవారు వాటిని వాడతారు. నీళ్ళలో జారిపడినా కంటికి ఆనేలా పసుపు పిడి, తాళ్ళు తెగ్గోయడానికి రంపపు పళ్ళ అంచు, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేతి బొటనవేలితో తెరవడానికి బ్లేడులో గుండ్రటి రంధ్రం. ఇవన్నీ బాగున్నాయి. అయినా కొత్తది వస్తోందంటే చాకుల పిచ్చి ఉన్నవాళ్ళు (నేనూ వాళ్ళలో ఒకణ్ణే) ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ ఉక్కుతో చేశారు?

ఇనుములో క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద ఒక పొర కడుతుంది. దాని మందం రెండు మూడు నానోమీటర్లు మాత్రమే. తల వెంట్రుకను నిలువునా వేల పొరలుగా చీల్చినా అంత పలుచన రాదు. గీత పడితే క్షణాల్లో మళ్ళీ పూడుకుపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ప్రాణమంతా ఆ పొరలోనే ఉంది. సముద్రపు నీరు దెబ్బతీసేదీ అక్కడే. లీటరు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటే, వాటిలో క్లోరైడు ఒక్కటే 19 గ్రాముల దాకా ఉంటుంది. అది పొరలో బలహీనంగా ఉన్న చోటు చూసి చిల్లు పెడుతుంది. చిల్లు లోపల లోహం కరిగి, ఆ ద్రావణం ఆమ్లంగా మారుతుంది. కరిగిన లోహపు ధన విద్యుదావేశాన్ని సరితూచడానికి బయటి నుంచి మరింత క్లోరైడు లోపలికి చేరుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ లోహం ఇంకా కరుగుతుంది. అంటే గుంట ఒకసారి మొదలైతే తన మేత తనే సంపాదించుకుంటుంది. మా చెంచాకు జరిగింది ఇదే.

అలాంటప్పుడు క్రోమియం దండిగా కలిపేస్తే సరిపోదా? చెంచాకైతే సరిపోవచ్చు. చాకుకు పదును కావాలి, పదును నిలవాలంటే గట్టిదనం కావాలి, గట్టిదనం కోసం కర్బనం కలపాలి. చిక్కంతా ఇక్కడే. కర్బనానికి క్రోమియం అంటే మహా ప్రీతి. రెండూ జతకట్టి క్రోమియం కార్బైడ్ అనే గట్టి రేణువులవుతాయి. ఆ రేణువులలో ఇరుక్కున్న క్రోమియం పొర కట్టడానికి రాదు. డీ2 అనే పేరుగల ఉక్కులో క్రోమియం 12 శాతం ఉన్నా, కర్బనం ఒకటిన్నర శాతం ఉండటంతో అది స్టెయిన్‌లెస్ లెక్కలోకి రాదు. తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. లేబులు మీద ఎంత క్రోమియం రాశారన్నది కాదు, కార్బైడ్లకు చిక్కకుండా ఎంత మిగిలిందన్నదే అసలు లెక్క.

ఈ పేచీ స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టిన నాటిదే. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రెయర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చూసే పనిలో ఉండి, 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కర్బనం ఉన్న ఉక్కు పోతపోయించాడు. ఆమ్లాలు దాన్ని పెద్దగా అంటడం లేదని గమనించి, ఇది భోజనాల బల్ల మీది కత్తులకు పనికొస్తుందన్నాడు. షెఫీల్డ్ కత్తుల వ్యాపారులు మొదట నవ్వారు. కోయని కత్తులు కనిపెట్టిన పెద్దమనిషి అని ఎగతాళి చేశారు. చివరకు ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల తయారీదారు ఒక ముక్కను వెనిగర్‌లో నానబెట్టి, మరక పడకపోవడం చూసి, ‘స్టెయిన్‌లెస్’ అన్న మాట అంటించాడు. వెనిగర్ పరీక్ష నెగ్గడం ఒక ఎత్తు, సముద్రంలో నెగ్గుకురావడం మరో ఎత్తు.

కర్బనంతో ఇంత తంటా ఉన్నప్పుడు దాని పని ఇంకెవరికైనా అప్పగించవచ్చు కదా? ఆ ఇంకొకరు నత్రజని. కర్బనంలాగే ఇనుప పరమాణువుల సందుల్లో దూరి ఉక్కును గట్టిపరుస్తుంది, కానీ క్రోమియాన్ని అంతగా కట్టేసుకోదు. పైగా గుంటలో పుట్టే ఆమ్లాన్ని అమ్మోనియంగా మారి కొంత విరిచేస్తుందని శాస్త్రజ్ఞుల వివరణ. సాల్ట్ వరసకు పేరు తెచ్చిన జపాన్ ఉక్కు హెచ్1లో కర్బనం నామమాత్రం. అది తుప్పు పట్టదని అనుభవజ్ఞులు ఒట్టేసి చెబుతారు. పదును మాత్రం తొందరగా పోతుందన్న ఫిర్యాదూ వాళ్ళదే. తర్వాత వచ్చిన మరో ఉక్కు ఎల్‌సీ200ఎన్‌లో దాదాపు 0.4 శాతం నత్రజని ఉంటుంది. వినడానికి చిన్న అంకే గానీ, కరిగిన ఉక్కులో నత్రజని నిలవడం సోడాలో గాలి నిలవడం లాంటిది, మూత తీస్తే పోతుంది. అందుకే అధిక పీడనం కింద కరిగించి పోతపోస్తారు. ఇది అసలు విమాన ఇంజన్ల బేరింగుల కోసం పుట్టిన రకం. చేపలు కోసే చాకులోకి తర్వాత దిగింది.

ఇప్పుడు అందరి నోటా నానుతున్న ఉక్కు పేరు మాగ్నాకట్. ల్యారిన్ థామస్ అనే అమెరికా లోహ శాస్త్రజ్ఞుడు రూపొందించగా 2021లో వచ్చింది. దాని పాకం చూస్తే మొదట తప్పు అచ్చయిందేమో అనిపిస్తుంది. కర్బనం 1.15 శాతం, క్రోమియం 10.7 శాతమే. చాలాకాలంగా చాకుల్లో వాడుతున్న 440సీ అనే ఉక్కులో క్రోమియం 17 శాతం ఉంటుంది. అయినా ఉప్పునీటిలో దానికంటే మాగ్నాకటే బాగా నిలుస్తుంది. కిటుకు ఏమిటంటే, ఇందులో 4 శాతం వనేడియం, 2 శాతం నయోబియం అనే లోహాలు కలిపారు. కర్బనానికి క్రోమియం కంటే ఇవి మరింత ఇష్టం. కర్బనం వీటితో జతకట్టి మరింత గట్టి రేణువులవుతుంది, క్రోమియం దాదాపుగా స్వేచ్ఛగా మిగిలిపోతుంది. రేణువులు సన్నగా ఉండాలని కరిగిన ఉక్కును వాయువుతో చిమ్మి పొడిచేసి, ఆ పొడిని వేడి మీద నొక్కి దిమ్మగా మారుస్తారు. నా మటుకు ఇది ఎక్కువ కలపడం వల్ల వచ్చిన గెలుపు కాదు, పెళ్ళిళ్ళు సరిగ్గా కుదర్చడం వల్ల వచ్చింది.

వనేడియం పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ రకం ఉక్కుతో సాగగొట్టిన పాత డమాస్కస్ కత్తులను జాన్ వెర్హోవెన్ అనే అమెరికా లోహ శాస్త్రజ్ఞుడు పరీక్షించి, వాటి మీది నీటి అలల వంటి చారలకు ఖనిజంలోంచి వచ్చిన లవలేశమంత వనేడియం వంటి మూలకాలే కారణమని తేల్చాడు. మన కమ్మరులు ఎరగకుండా వాడిన దాన్నే ఇప్పుడు తూకం వేసి వాడుతున్నారు. అయితే ఆ కత్తులు తుప్పు పట్టేవి, దానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంతా చెప్పి ఉక్కునే నమ్ముకుంటే పొరపాటు. ఒకసారి భీమిలి దగ్గర పడవ ఎక్కినప్పుడు నా పాత మడత చాకు తడిసింది. తుడిచి సంచిలో వేశాను. పది రోజుల తర్వాత తెరవబోతే కదల్లేదు. స్క్రూడ్రైవర్‌తో ఇరుసు విప్పితే బ్లేడు బయట అద్దంలా ఉంది, లోపల వాషర్ కింద మాత్రం గుండ్రటి గోధుమరంగు వలయం, సరిగ్గా వాషర్ కొలతకు గీసినట్టు. సందులో నిలిచిన నీటికి గాలి ఆడదు, ఆక్సిజన్ అయిపోతుంది, పొర మళ్ళీ కట్టుకోలేదు. మడత చాకు అంటేనే సందుల పుట్ట: ఇరుసు, తాళం స్ప్రింగు, క్లిప్పు కింద, స్క్రూల చుట్టూ. ఆ పడవ సరంగు దగ్గర మడతా గిడతా లేని మామూలు ఇనుప కత్తి ఉంది. రోజూ రాయి మీద నూరుతాడు, తుప్పు రాలిపోతుంది. ‘‘మడిచేదాన్ని నీళ్ళ మీదికి ఎందుకు తెచ్చారు బాబూ’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే కొత్త చాకు వస్తే బ్లేడు మీద చెక్కిన ఉక్కు పేరు చూసి ఊరుకోను. లోపలి పట్టీలు ఏ లోహమో, స్క్రూలు ఏ లోహమో, పిడి వెనక నీళ్ళు కారిపోయే దారి ఉందో లేదో చూస్తాను. కంపెనీలు చేసే పరీక్షలో 35 డిగ్రీల వేడి పెట్టెలో 5 శాతం ఉప్పునీటి తుంపర కురిపిస్తారు. మంచి పరీక్షే. నాకైతే ఇంట్లో ఆ ఉప్పు డబ్బా ఉంది, చెంచా ఇప్పటికీ అందులోనే ఉంది. దాని పక్కన ఆ కొత్త చాకును ఒక వానాకాలమంతా ఉంచుతాను. తెరిచి కాదు, మడిచి.