డాష్‌క్యామ్ మెమరీ కార్డు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో కార్లకు డాష్‌క్యామ్‌లు, అంటే ముందు అద్దం దగ్గర ఉండి రోడ్డును రికార్డు చేసే కెమెరాలు, బిగించడం నా పని. కెమెరా పోయిందని తెచ్చే బండ్లలో చాలావాటికి కెమెరా బాగానే ఉంటుంది. పోయేది కార్డు.

అపోహ: "క్లాస్ 10 కార్డే కదన్నా, పాత ఫోన్లోది పెట్టెయ్."

వాస్తవం: కార్డు మీద క్లాస్ 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని, యూ3 అని ఉంటే 30 ఎంబీ అని. అది వేగం లెక్క. మామూలు 1080పీ కెమెరా సెకనుకు రాసేది 2 ఎంబీ అటూ ఇటూగా, కాబట్టి వేగంతో పేచీ లేదు. పేచీ అంతా అరుగుదలతోనే. ఫ్లాష్ మెమరీని ఇన్నిసార్లే చెరిపి రాయగలం. ఫోన్లో ఫొటో ఒకసారి పడితే అలాగే ఉంటుంది. డాష్‌క్యామ్ కార్డు నిండగానే పాత వీడియో చెరిపి దానిమీదే రాస్తుంది. 64 జీబీ కార్డు 9 గంటల్లో నిండుతుంది. పొద్దున చెన్నై వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే ట్యాక్సీలో కార్డు దాదాపు రోజుకొకసారి మొత్తం తిరగరాసినట్టే. అదే 128 జీబీ అయితే రెండు రోజులకోసారి, అంటే అరుగుదల సగం. కార్డు మీద 'హై ఎండ్యూరెన్స్' (ఎక్కువసార్లు చెరిపి రాసినా తట్టుకునేది) అని ఉందో లేదో చూసి కొనండి. చాలా మామూలు కార్డుల వారంటీ డాష్‌క్యామ్ వాడకానికి వర్తించదు, షరతులు ఎవరూ చదవరు.

అపోహ: "పాతవి వాటంతటవే చెరిగిపోతాయి, ముట్టుకోనక్కర్లేదు."

వాస్తవం: అన్నీ చెరగవు. కుదుపు తగిలితే దాన్ని పసిగట్టే జీ-సెన్సర్ ఆ క్లిప్పు చెరగకుండా తాళం వేస్తుంది. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే! ఈమధ్య కావలి నుంచి వచ్చిన ఒక బండి కార్డు తెరిస్తే, తాళం పడ్డ క్లిప్పులుండే ఈవెంట్ ఫోల్డరే సగానికి పైగా తినేసింది. ఒక్క యాక్సిడెంటు లేదు, అన్నీ గుంతలూ బ్రేకర్లే. మామూలు రికార్డింగుకు మిగిలింది కాసింత చోటు, అదే మళ్ళీ మళ్ళీ అరుగుతోంది. సెన్సర్‌ను 'లో' (తక్కువ) సెట్టింగులో పెట్టి, కావాల్సినవి కాపీ చేసుకుని నెలకోసారి ఫార్మాట్ చేయండి. కంప్యూటర్లో కాదు, కెమెరా మెనూలోనే.

ఫార్మాట్ చేస్తే కార్డు ఆయుష్షు తగ్గుతుందనేది ఉత్త భయం. ఒక్క పూట రికార్డింగులో రాసేదాని ముందు అది లెక్కలోకే రాదు.

అపోహ: "లైటు వెలుగుతోందిగా, రికార్డవుతున్నట్టే."

వాస్తవం: అరిగిన కార్డు కొన్నిసార్లు చదవడానికి మాత్రమే పనికొస్తుంది, కొత్తది ఎక్కదు. కొన్ని కెమెరాలు బీప్ కొడతాయి, చవకవి కిక్కురుమనవు. పదిహేను రోజులకోసారి ఆఖరి క్లిప్పు తెరిచి తేదీ చూడండి. ఫార్మాట్ చేసినా పాత ఫైళ్ళు మళ్ళీ కనబడితే ఆ కార్డు మార్చాల్సిందే.

ఎండ మాట కూడా అడుగుతారు. చాలా కంపెనీ కార్డులు 85 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినవే. రోహిణి కార్తెలో అద్దం దగ్గర ముందు ఉబ్బేది కెమెరాలోని బ్యాటరీ. బ్యాటరీ బదులు కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఉన్న కెమెరా తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

అపోహ: "యాక్సిడెంటు వీడియో ఎక్కడికి పోతుంది, ఇంటికెళ్ళి చూసుకుందాం."

వాస్తవం: తాళం పడకపోతే బండి నడుస్తున్నకొద్దీ చెరిగిపోతుంది. ముందూ వెనకా రెండు కెమెరాలుంటే మరీ త్వరగా. అక్కడే కెమెరా ఆపి, ఆ తర్వాతే కార్డు తీయండి. రికార్డవుతుండగా లాగితే ఆఖరి ఫైలు పాడవుతుంది, మనకు కావాల్సింది అదే. కాపీ వాట్సాప్‌లో పంపినా అసలు కార్డు దాచిపెట్టండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి వీడియోను కోర్టుకు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. ఆ పని వకీలుతో మాట్లాడి చేయించుకోండి. ఈలోపు బండిలో వేరే కార్డు పెట్టుకోండి.