వరస తెలిసిన కోళ్లు

రెండు కొత్త పెట్టల్ని తెచ్చి మిట్టమధ్యాహ్నం పెరట్లోకి వదిలాను. నేను చేసిన తప్పు అదే. అప్పటికే ఉన్న నాలుగు పెట్టలూ మేత మానేసి, మెడలు చాచి వాటి చుట్టూ మూగాయి. మా నల్లపెట్ట ముందుకొచ్చి ఒక కొత్తదాని నెత్తిన ఒక్క పోటు పొడిచింది. అది పరుగెత్తి నీళ్ల తొట్టి వెనక దూరింది. రెండోది ఎదురు తిరిగింది. మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి, ఎర్రటి జుట్టు మీద నెత్తురు చుక్క తేలింది. కొన్ని రోజులు ఇదే గొడవ. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. ఎవరు ఎవర్ని పొడవచ్చో తేలిపోయింది కదా!

ఈ లెక్క తేలే తీరును మొదట శ్రద్ధగా పట్టించుకున్నవాడు నార్వే జంతుశాస్త్రజ్ఞుడు థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె. చిన్నతనం నుంచే కోళ్లను చూస్తూ, ఏది దేన్ని పొడుస్తోందో రాసుకునేవాడు. పెద్దయ్యాక ఆ పరిశీలనల్ని 1922లో జర్మన్ భాషలో అచ్చువేయించాడు. ఇవాళ ఆఫీసు పెత్తనాల గురించి చెప్పడానికి కూడా వాడే ‘పెకింగ్ ఆర్డర్’ అనే మాటకు మూలం కోళ్ల గూడే. ఈ పొడుపు వరస అన్నిసార్లూ నిచ్చెనలా తిన్నగా ఉండదని కూడా ఆయన గమనించాడు. నల్లది ఎర్రదాన్ని పొడుస్తుంది, ఎర్రది బూడిదదాన్ని పొడుస్తుంది, ఆ బూడిదది వచ్చి నల్లదాన్నే పొడుస్తుంది! మా పెరట్లో సరిగ్గా ఇదే జరిగేది. అందర్నీ హడలగొట్టే నల్లపెట్ట, బక్కచిక్కిన బూడిదపెట్ట కనబడగానే మేత పళ్లెం వదిలి పక్కకి తప్పుకునేది.

చూడ్డానికి దౌర్జన్యంలా ఉంటుంది గానీ, వరస కుదిరాక దెబ్బలాటలు తగ్గుతాయి. ఒక చూపు, ఒక తల విదిలింపు చాలు. దీనికి ప్రతి కోడీ మిగతా కోళ్లన్నిటినీ గుర్తుపట్టాలి. ముఖం, జుట్టు చూసి అవి పోల్చుకుంటాయి. ఓసారి ఎర్రపెట్ట కుంటుతుంటే మూడు వారాలు విడిగా గంప కింద ఉంచాను. కాలు బాగుపడి తిరిగొచ్చేసరికి దాని చోటు పోయింది. నిన్నమొన్నటి తోటి పెట్టలే పరాయిదాన్ని చూసినట్టు చూసి పొడిచాయి. కిందినుంచి మళ్లీ మొదలుపెట్టుకోవాల్సొచ్చింది పాపం.

పుంజుల కూతలోనూ వరస ఉంది. జపాన్ పరిశోధకులు షిమ్మురా, యోషిమురా పుంజుల్ని రోజంతా మారని మసక వెలుతురులో ఉంచి చూశారు. సూర్యుడి జాడ లేకపోయినా అవి ఇంచుమించు రోజుకోసారి వేళ తప్పకుండా కూత మొదలుపెట్టాయి. అంటే గడియారం ఒంట్లోనే ఉందన్నమాట. ఇది 2013 నాటి మాట. 2015లో ఇంకో సంగతి బయటపడింది: గుంపులో పెద్ద పుంజు కూశాకే మిగతావి తమ హోదా ప్రకారం ఒకదాని వెనక ఒకటి కూస్తాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది ఆ పని అందుకుంటుంది. మాకున్నది ఒకటే పుంజు కాబట్టి ఈ మర్యాదలు చూసే యోగం నాకు లేదు.

గుడ్ల దగ్గర మాత్రం హోదా కంటే గడియారానిదే పెత్తనం. బూడిదపెట్ట గుడ్డు పెట్టే వేళల్ని ఒక వారం గోడ మీద సుద్దముక్కతో రాశాను. సోమవారం ఏడున్నర, మంగళవారం ఎనిమిదిన్నర దాటాక, బుధవారం పది కావస్తుండగా, గురువారం పదకొండు తర్వాత, శుక్రవారం ఒంటిగంటకు. శనివారం గంప ఖాళీ. మేతలో ఏదో తక్కువైందేమో అనుకున్నాను. తక్కువైంది రోజు! రోజుకు ఉన్నవి 24 గంటలు, గుడ్డు తయారవడానికి దాదాపు 25 నుంచి 26 గంటలు కావాలి. పచ్చసొన అండాశయం నుంచి జారాక తెల్లసొన చుట్టుకోవడానికి సుమారు 3 గంటలు, లోపలి పల్చటి పొరలకు గంట పైచిలుకు, పెంకు కట్టడానికేమో దాదాపు 20 గంటలు. గుడ్డు బయటపడ్డ అరగంటకు మరో సొన జారుతుంది. అలా గుడ్డు వేళ రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతుంది. సొన జారడానికి కావలసిన హార్మోన్ ఉప్పెన రాత్రిపూట కొన్ని గంటల్లోనే వస్తుంది. ఆ వేళ దాటిందా, ఆ రోజుకు సెలవే. మర్నాడు మళ్లీ పొద్దున్నే మొదలు.

పెంకులో ఎక్కువ భాగం రాత్రి కడుతుంది. అప్పుడు కోడి నిద్రలో ఉంటుంది, మేత తినదు. ఒక పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలోంచి వచ్చేది చాలకపోతే పెట్ట తన ఎముకల్లో దాచుకున్న నిల్వను కరిగించి వాడుతుంది. గుల్లల పొడి సాయంత్రం పెడితే మంచిదనేది ఇందుకే. నేను పెట్టడం మరిచిన రోజుల్లో పెంకు గట్టిపడని తోలుగుడ్లు ఒకట్రెండు చేతికి మెత్తగా తగిలాయి. తోలుగుడ్డుకు కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, నా అనుమానం మొదట నామీదికే పోతుంది.

ఒక సంగతి మాత్రం నాకు నవ్వు ఆపుకోలేనిది. గడ్డి పరిచి మూడు గంపలు పెట్టినా అన్నిటికీ ఒకటే గంప కావాలి. నల్లది లోపల కూర్చుంటే ఎర్రది గుమ్మం దగ్గర నిలబడి గొణుగుతుంది, అటూ ఇటూ పచార్లు చేస్తుంది, పక్క గంప వైపు కన్నెత్తి చూడదు. ఇంకో కోడి గుడ్డు ఉన్న చోటే కోడికి నమ్మకం.

మట్టిలో పొర్లడం చూసి మాత్రం నవ్వొద్దు, మొదటిసారి నేను హడలిపోయాను. పక్కకి ఒరిగి, కాలు బారచాపి, కళ్లు అరమూసి పడివున్న పెట్టను చూస్తే చచ్చిందనే అనుకుంటాం. ఈకల్లోని జిడ్డు తగ్గడానికీ, పేలు రాలడానికీ చేసే స్నానం అది. మట్టే లేని తీగల నేల మీద పెరిగిన కోళ్లు కూడా ఆ కదలికలన్నీ ఉత్తినే చేస్తాయి.

మరోసారి కొత్త పెట్టను తెచ్చినప్పుడు చీకటి పడేదాకా ఆగాను. కోడి కన్నుకు పగటి రంగులు మనకంటే ఎక్కువే తెలుసు. మన కంటిలో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలైతే, దానికి నాలుగు. చీకట్లో మాత్రం దానికి రేచీకటే. నిద్రమత్తులో ఉన్న వాటి మధ్య, అడ్డకర్ర మీద కొత్తదాన్ని మెల్లగా కూర్చోబెట్టాను. నల్లపెట్ట ఒంటి కన్ను తెరిచి, మూసుకుంది. తెల్లారాక తల పక్కకి వంచి కొత్తదాన్ని పరకాయించి చూసింది. నెత్తిన ఒక్క పోటు పొడిచి మేత దగ్గరికి పోయింది.