విశాఖ అపార్ట్‌మెంట్లు, పిల్లర్ రింగులు, 2001 పాఠం

2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 తీవ్రతతో భూకంపం వస్తే విశాఖలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడింది. ఆ తర్వాత ఊరికి గాలి భయమే మిగిలింది, కంపనం సంగతి మర్చిపోయాం. ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేస్తున్న ఊరికి ఈ మరుపు మంచిది కాదు.

గాలి బిల్డింగును బయటి నుంచి తోస్తుంది. భూకంపం అలా కాదు. పునాది నేలతో పాటు పక్కకు జరుగుతుంది, పైనున్న స్లాబుల బరువు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. మధ్యలో నలిగేది పిల్లర్లే. పైగా ఒక్కో బిల్డింగుకీ సొంత ఊగుడు ఉంటుంది. భూకంప కోడ్ (కట్టడాలకు పాటించాల్సిన ప్రమాణాలు) సూత్రం ప్రకారం 15 మీటర్ల ఎత్తున్న పిల్లర్లు, బీముల ఫ్రేమ్ ఒకసారి ఊగి రావడానికి అరసెకను పైచిలుకు, 45 మీటర్లదానికి దాదాపు 1.3 సెకన్లు పడుతుంది. దూరపు భూకంపంలో వేగంగా ఊపే అలలు దారిలోనే అణగిపోయి, నిదానంగా ఊపేవి మిగులుతాయి. అందుకే గ్రౌండ్ ఫ్లోర్‌లో తెలియని ఊపు పదో అంతస్తులో తెలుస్తుంది. 1985లో మెక్సికో సిటీ దెబ్బతిన్నది ఇలాగే. భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల అవతల ఉన్నా, మెత్తటి పాత సరస్సు నేల ఆ ఊపును పెంచి, ముఖ్యంగా 6 నుంచి 15 అంతస్తుల భవనాలను దెబ్బతీసింది.

మన భూకంప కోడ్ ఐఎస్ 1893 పుట్టింది 1962లో. 1993లో మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో నేలమట్టమైనప్పుడు ఆ ఊరు కోడ్‌లోని భూకంప ప్రమాద మ్యాపులో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉంది. 2002 సవరణలో ఆ జోన్‌నే ఎత్తేశారు.

అసలు దెబ్బ 2001 జనవరి 26న తగిలింది. భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. చాలావాటిలో కింద గోడల్లేని కార్ పార్కింగ్, పైన ఇటుక గోడలతో ఫ్లాట్లు. పై అంతస్తులు బిగుసుకుని ఒకే ముక్కలా కదిలితే, వంగాల్సిందంతా పార్కింగ్ పిల్లర్లే వంగాల్సి వచ్చింది. మన ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో ఇలాంటి పార్కింగులు ఎన్నో!

పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగు కొసను 90 డిగ్రీలకే వంచితే, పై కాంక్రీట్ రాలగానే అది విచ్చుకుంటుంది. కడ్డీలు బయటికి వంగిపోతాయి, పిల్లర్ చితికిపోతుంది. 135 డిగ్రీలకు లోపలికి వంచితే, పగుళ్లు వచ్చినా నిలబడే అవకాశం ఎక్కువ. ఇనుము ఖర్చు పెద్దగా పెరగదు. కాంక్రీట్ భవనాల్లో ఇనుము ఎలా కట్టాలో చెప్పే కోడ్ ఐఎస్ 13920 ఈ పద్ధతినే చెబుతుంది. కానీ 2016 సవరణ దాన్ని 3, 4, 5 జోన్లకే తప్పనిసరి చేసింది. 2016 నాటి మ్యాపులో విజయవాడ జోన్ 3లో ఉంది కాబట్టి అక్కడ తప్పనిసరి అయింది. అదే మ్యాపులో జోన్ 2లో ఉన్న విశాఖలో మాత్రం కట్టేవాళ్ల ఇష్టానికి వదిలేసింది.

ఇది సరైన వెసులుబాటు కాదని నా అభిప్రాయం. ఫ్లాట్ బుక్ చేసినవాళ్లు డ్రాయింగుల్లో ఐఎస్ 13920 ప్రస్తావన ఉందో లేదో ఇంజనీర్‌ని అడగాలి, పిల్లర్‌కి కాంక్రీట్ పోయకముందే రింగుల కొసలు చూడాలి. పోశాక చూడటానికి ఏమీ ఉండదు.