సిలిండర్‌లో ఎన్ని మోల్స్?

తార్నాక, హైదరాబాద్

బుజ్జీ, చిన్నా,

మోల్ కాన్సెప్ట్ ఫార్ములాలన్నీ చార్ట్ మీద రాసి గోడకు అంటించారని మీ అమ్మ చెప్పింది. ఆ చార్ట్ తీసేసినా నష్టం లేదు. పదో తరగతిలో చదివిన రెండు మూడు సంగతులు గట్టిగా ఉంటే ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీ లెక్కలు చాలావరకు దారికొస్తాయి.

వంటింట్లో గ్యాస్ సిలిండర్ ఉంది కదా, దాన్నే తీసుకుందాం. అందులో గ్యాస్ 14.2 కిలోలు. ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి కానీ, లెక్క తేలికగా ఉండాలని మొత్తం బ్యూటేనే అనుకుందాం. సిలిండర్ ఖాళీ అయ్యేసరికి ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది? మీ నాన్నను అడిగి చూడండి, 14 కిలోల లోపే అంటాడు.

ముందు సమీకరణం. రెండు బ్యూటేన్ అణువులు పదమూడు ఆక్సిజన్ అణువులతో మండితే ఎనిమిది కార్బన్ డయాక్సైడ్ అణువులు, పది నీటి అణువులు వస్తాయి. రెండు వైపులా కార్బన్‌లు 8, హైడ్రోజన్‌లు 20, ఆక్సిజన్‌లు 26. సరిపోయింది. కానీ ఆ 2, 13 అనేవి అణువుల లెక్క, గ్రాముల లెక్క కాదు. పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. అణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి తూచి లెక్కపెడతాం. అందుకోసం పెట్టుకున్నదే మోల్. అంటే 6.02214076 × 10²³ కణాలు. పాత పుస్తకాల్లో 12 గ్రాముల కార్బన్-12తో చెప్పిన నిర్వచనం ఉంటుంది. 2019 మే 20 నుంచి మాత్రం ఈ సంఖ్యే నిర్వచనం.

బ్యూటేన్ ఒక మోల్ 58 గ్రాములు. 14,200ను 58తో భాగిస్తే దాదాపు 245 మోల్స్. ఒక్కో మోల్‌కు నాలుగు మోల్స్ కార్బన్ డయాక్సైడ్, ఒక్కోటి 44 గ్రాములు. మొత్తం 43.1 కిలోలు! ఖాళీ అయిన గ్యాస్‌కు మూడింతలు. ఆ అదనపు బరువంతా గాలిలోని ఆక్సిజన్‌ది. మొత్తం మండడానికి పట్టిన ఆక్సిజన్ ఎంతో చూస్తే 50.9 కిలోలు. నీరు 22.0 కిలోలు. ఇప్పుడు కూడండి: 14.2కు 50.9 కలిపినా, 43.1కి 22.0 కలిపినా 65.1. చర్యకు ముందూ తర్వాతా మొత్తం బరువు మారదని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లెవోయిజర్ త్రాసు ముందు పెట్టుకుని నిరూపించింది ఇదే. ఆయన్ని 1794లో గిలటిన్‌తో చంపేశారు, అది వేరే కథ. పరీక్షలో టైం ఉంటే మీరూ ఇలాగే కూడి చూసుకోండి, తప్పు వెంటనే దొరికిపోతుంది.

కాలిక్యులేటర్ 43.089655 అని చూపిస్తుంది. అదంతా దించకండి. మనకు ఇచ్చిన బరువులో మూడే అంకెలున్నాయి, జవాబులోనూ మూడు చాలు. మధ్యలో మాత్రం రౌండ్ చేయకండి.

లిమిటింగ్ రీఏజెంట్ అంటే భయమట కదా. బర్నర్ రంధ్రాలు మూసుకుపోతే మంట పసుపురంగుకు మారి గిన్నె అడుగు నల్లబడుతుంది. గ్యాస్ బోలెడుంది, దానికి అందే ఆక్సిజనే చాలలేదు. ఏది ముందు అయిపోతుందో అది ఆ చర్యను ఆపుతుంది. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ ప్రమాదమనేది కూడా ఇందుకే: ఆక్సిజన్ తగ్గిపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు.

ఇంకొకటి, ఒక మోల్ వాయువు ఆక్రమించే చోటు 22.4 లీటర్లు అంటారు కదా. అది సున్నా డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ దగ్గరే. పీడనం ఒక బార్ అని ఇస్తే 22.7. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, పీడనం తక్కువ. 27 డిగ్రీల గదిలో ఇక్కడ ఒక మోల్ గాలి దాదాపు 26 లీటర్లు ఆక్రమిస్తుంది. ఎక్కడ పడితే అక్కడ 22.4 వేసేయకండి.

ఇదే లెక్క ప్రొపేన్‌తో మీరు చేయండి. సమీకరణం మీరే తుల్యం చేసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ 42.6 కిలోలు రావాలి. రాకపోతే చేసిన కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, కొట్టివేతలతో సహా.

ఆశీస్సులతో,
తాతయ్య