కాలికి కూడా ఎందుకు పెట్టారు?

సిరోంచ (మహారాష్ట్ర) నుంచి

పిల్లలూ,

చిన్నమ్మకు కొడుకు పుట్టిన మర్నాడు దవాఖానలో మీరంతా మంచం చుట్టూ మూగారు, గుర్తుందా? సిస్టరమ్మ వచ్చి మెత్తటి పట్టీ ఒకటి బాబు కుడి అరచేతికి చుట్టింది. పట్టీ లోపల ఎర్రటి దీపం వెలిగింది. నెత్తురులో ప్రాణవాయువు నూటికి ఎంతుందో చెప్పే మిషన్ (పల్స్ ఆక్సీమీటర్) మీద అంకె 91, 94, మళ్ళీ 88 అని ఎగిరెగిరి పడుతుంటే మీ మొహాలు వాడిపోయాయి. "వాడు చెయ్యి ఆడిస్తున్నాడు, కాస్త నిమ్మళించనియ్యండి" అంటూ ఆమె వాడి పిడికిలిని తన అరచేతిలో పట్టుకుని కూర్చుంది. కాసేపటికి అంకె 97 దగ్గర నిలబడింది. అప్పుడు పట్టీ విప్పి పాదానికి చుట్టింది. "చేతికి పెట్టారు గదా అమ్మమ్మా, కాలికి కూడా ఎందుకు?" అని మీలో ఒకరు అడిగారు.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. గొంతు పూడుకుపోయింది. ఇప్పుడు రాస్తున్నాను. మీరు చదివేది మరాఠీ బడి అయినా తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు, కూడబలుక్కుని చదవండి.

మన రెండు నదులతో చెబితే మీకు తేలిగ్గా తెలుస్తుంది. గోదారి అన్నారం మీదుగా వస్తుంది. కాళేశ్వరం దగ్గర మన ప్రాణహిత వచ్చి అందులో కలుస్తుంది. కలిసిన నీళ్ళు మేడిగడ్డ వైపు పోతాయి. ప్రాణహితకు బురద వరద వచ్చిందనుకోండి, అన్నారం దగ్గర చెంబుతో ముంచితే ఆ బురద కనిపించదు. మేడిగడ్డ దగ్గర ముంచితే కనిపిస్తుంది. రెండు చోట్లా ముంచి చూస్తేనే మధ్యలో ఏం కలిసిందో తెలుస్తుంది.

ఒంట్లో కూడా అంతే. గుండె ఎడమ పక్క నుంచి ప్రాణవాయువు నిండిన మంచి నెత్తురు మోసుకుని ఒక పెద్ద ధమని బయల్దేరుతుంది. కుడి చేతికి పోయే పాయ దానిలోంచి మొదట్లోనే చీలుతుంది. ఆ తరవాత, పసిబిడ్డలో, ఊపిరితిత్తుల ధమని నుంచి ఒక చిన్న నాళం వచ్చి పెద్ద ధమనిలో కలుస్తుంది. దాన్ని డక్టస్ ఆర్టీరియోసస్ అంటారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు, ప్రాణవాయువు మాయ నుంచే అందుతుంది. కాబట్టి నెత్తురు ఊపిరితిత్తులకు పోకుండా ఈ అడ్డదారిన పోతుంది. పుట్టి ఊపిరి పీల్చాక ఈ దారితో పనిలేదు. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మూసుకుపోతుంది. కాళేశ్వరంలో సరస్వతి అంతర్వాహిని అని మనం మొక్కుతాం చూడండి, ఈ నాళం పుట్టిన ప్రతి బిడ్డ గుండె పక్కనా అలా ఉండి, చప్పుడు లేకుండా ఇంకిపోతుంది.

కుడి చెయ్యి అన్నారం, పాదం మేడిగడ్డ అనుకోండి. ఆ నాళంలోంచి ప్రాణవాయువు తక్కువైన చెడు నెత్తురు వచ్చి కలుస్తుంటే చేతి అంకె బాగుండి కాలి అంకె తగ్గుతుంది. గుండె లోపలే మంచీ చెడూ కలిసిపోతుంటే రెండూ తగ్గుతాయి. అందుకే కాలికి కూడా.

ఇక నా గొంతు ఎందుకు పూడుకుపోయిందో చెప్పాలి. మీ అమ్మ కంటే ముందు నాకొక కొడుకు పుట్టాడు. దవాఖానలోనే పుట్టాడు, బరువు బాగుంది, గట్టిగా ఏడ్చాడు, రెండో రోజు ఇంటికి పంపించారు. నాలుగో రోజు పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేశాడు. ఎండాకాలం కాదు, అయినా నుదుటి మీద చెమట. నేను పైటకొంగుతో తుడిచాను, మళ్ళీ పట్టింది. ఇరుగమ్మలు గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు. సాయంత్రానికి నాలుక నీలంగా అయింది. అప్పటికి గోదారి మీద వంతెన లేదు, పడవలో దాటాం. అవతల డాక్టరు చెవికి గొట్టం పెట్టుకుని చాలాసేపు విని, గుండెలో లోపం అన్నారు. తెల్లవారేసరికి వాడు లేడు.

ఆ తరవాత ఏఎన్‌ఎం (పల్లెల్లో తల్లీబిడ్డలను చూసే నర్సు) ట్రైనింగ్ అయ్యి ఊరూరా తిరిగాక నాకు తెలిసింది. కొందరు పసివాళ్ళకు ఊపిరితిత్తుల దారి మూసుకుపోయి ఉంటుంది, కొందరికి గుండె ఎడమ పక్క ఎదగదు, కొందరికి రెండు పెద్ద ధమనులు తారుమారై ఉంటాయి. ఇట్లాంటి బిడ్డలు చాలామందికి ఆ చిన్న నాళమే ప్రాణం. అది తెరిచి ఉన్నంతసేపు బిడ్డ ఎర్రగా, చక్కగా ఉంటాడు. మూసుకోవడం మొదలయ్యేసరికి తల్లీబిడ్డా ఇంటికి చేరి ఉంటారు. ముందే తెలిస్తే ప్రోస్టాగ్లాండిన్ అనే మందును సెలైన్‌లో ఎక్కించి ఆ నాళాన్ని తెరిచే ఉంచి, ఆపరేషన్ దాకా బిడ్డను నిలబెట్టొచ్చు.

పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాళ్ళలో నలుగురికి ఒకరిది ప్రాణం మీదికొచ్చే రకం. కంటితో చూసి పట్టుకుందామంటే కుదరదు. ప్రాణవాయువు 80 దాకా పడిపోతే తప్ప నీలం సరిగ్గా కనబడదు, మనలాంటి చామనచాయ ఒంటి మీద మరీ కష్టం. ఆ మిషన్ మాత్రం కంటికి ఆనని 93ని కూడా పట్టుకోగలదు. దాని వెనకున్న కిటుకును 1970ల్లో కనిపెట్టింది జపాన్ ఇంజనీరు తకువో అయోయగి. ఎర్ర కాంతినీ, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిలోంచి పంపిస్తే, ప్రాణవాయువున్న నెత్తురు ఒకలా, లేనిది ఒకలా పీల్చుకుంటాయి. ఆయన 2020 ఏప్రిల్‌లో పోయారు. అప్పుడు లోకమంతా ఆ మిషన్ కోసమే మందుల దుకాణాల ముందు నిలబడి ఉంది. కరోనాలో మనం కొన్న వేలి క్లిప్పు ఇంకా బీరువాలో ఉంది గదా, దాన్ని పసిబిడ్డకు పెట్టకండి. అది పెద్దవాళ్ళ వేలికి చేసింది. బిడ్డకు చుట్టే పట్టీ వేరు.

లెక్క ఇలా ఉంటుంది. పుట్టి 24 గంటలు దాటాక చూస్తారు. చేతికీ కాలికీ రెండు చోట్లా 95 కానీ ఆపైన కానీ ఉండి, రెండింటికీ తేడా 3కు మించకపోతే మంచిదే. ఏ ఒక్కటి 90 కంటే తగ్గినా వెంటనే డాక్టరును పిలవాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్ళీ చూస్తారు. 24 గంటలు ఎందుకంటే, అంతకు ముందు ఊపిరితిత్తుల్లో ఇంకా కాస్త నీరుండి ఉత్తుత్తి భయాలు ఎక్కువ. మొదటి రోజే చూస్తే పది వేలమందిలో సుమారు 50 మంది తల్లులను ఊరికే భయపెడతాం, ఆగి చూస్తే అయిదుగురిని. ఆ భయపడిన వాళ్ళలోనూ కొందరికి గుండె బాగున్నా ఒంట్లో ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల ఇబ్బందో బయటపడుతుంది. అదీ లాభమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. అమెరికాలో 2011లో న్యూజెర్సీ రాష్ట్రం ఈ పరీక్ష ప్రతి బిడ్డకూ చేసి తీరాలన్న చట్టాన్ని మొదటగా అమల్లోకి తెచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే అక్కడి కేంద్ర ఆరోగ్యశాఖ కూడా దీన్ని పసిపిల్లల పరీక్షల జాబితాలో చేర్చింది. కొన్ని రాష్ట్రాలు "చెయ్యాల్సిందే" అన్నాయి, కొన్ని "చేస్తే మంచిది" అని ఊరుకున్నాయి. 2017లో పరిశోధకులు లెక్కలు తీశారు. చెయ్యాల్సిందే అన్న చోట ఇలాంటి గుండె లోపాలతో పోయే పసిపిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయి. చేస్తే మంచిది అన్న చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మిషన్ ఒకటే, చేసే నర్సులూ అలాంటివాళ్ళే. కాగితం మీద ఒక్క మాట తేడా. 2018కల్లా అక్కడి రాష్ట్రాలన్నీ ఈ దారికి వచ్చాయి.

ఆ మాట విలువ నాకు తెలుసు. నేను పనిచేసిన రోజుల్లో "చేస్తే మంచిది" అన్న పనులన్నీ రాత్రి రెండు గంటల కాన్పుల్లో, మనుషులు తక్కువైన పూట, కరెంటు పోయినప్పుడు మొదట జారిపోయేవి. సిస్టర్ మంచిది కాదని కాదు, ఆమెకున్నవి రెండే చేతులు. రిజిస్టర్‌లో చెయ్యి ఎంత, కాలు ఎంత అని రెండు గడులుండి, అవి నిండితేనే బిడ్డ ఇంటికి పోవాలన్న నియమముంటే ఆ పని జారదు.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. కానీ దారి ఉంది. మీ బడికి ఏటా డాక్టర్ల బండి వచ్చి పళ్ళూ కళ్ళూ చూస్తుంది గదా, అది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013 ఫిబ్రవరి 6న మన మహారాష్ట్రలోనే, పాల్ఘర్‌లో మొదలైంది. పుట్టిననాటి నుంచి 18 ఏళ్ళ దాకా సుమారు 30 రకాల ఇబ్బందులు చూస్తారు, గుండె లోపం అందులో ఉంది. కానీ నా కొడుకు లాంటివాడు బడి దాకా, అంగన్‌వాడీ దాకా ఆగడు. వాడికి దొరకాల్సింది మొదటి రెండు రోజుల్లోనే.

ఇంటికొచ్చాక ఆశా తాయి (ఆశా కార్యకర్త) 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి చూస్తుంది. ఆ పద్ధతికి వేరు మన గడ్చిరోలి జిల్లాలోనే ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఇక్కడి 39 ఊళ్ళలో పల్లె ఆడవాళ్ళకు పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రపంచానికి చూపించారు. నాగపూర్‌లో కాదు, ఢిల్లీలో కాదు, మన అడవి జిల్లాలో. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మిషన్ చెప్పాక ఏమిటి? టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తియ్యాలి, పిల్లల గుండె డాక్టరు చూడాలి. మనకు జిల్లా కేంద్రమే రెండు వందల కిలోమీటర్ల పైన, అక్కణ్నుంచి ఇంకా నాగపూర్. వంతెన దాటి తెలంగాణ వైపు పోదామంటే అక్కడి ఆరోగ్యశ్రీ మన కార్డుకు వర్తించదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే అది చెల్లే దవాఖాన ఏదో ముందే కనుక్కోవాలి. పరీక్ష చెయ్యాల్సిందే అని రాసే వాళ్ళు, 88 వచ్చిన బిడ్డ ఏ బండిలో, ఎక్కడికి, ఏ మందు ఎక్కించుకుంటూ పోవాలో కూడా ఆ కాగితంలోనే రాయాలి. అది లేకుండా ఉత్త అంకె చెబితే తల్లికి మిగిలేది ఏడుపే.

అంకె బాగుందని నిశ్చింతగా ఉండిపోవడానికీ లేదు. ప్రమాదమైన లోపాలున్న నలుగురిలో సుమారు ముగ్గురినే ఈ పరీక్ష పట్టుకుంటుంది. పెద్ద ధమని ఇరుకైన లోపం తప్పించుకోవచ్చు, గుండెకు మామూలు రంధ్రం దీనికి చిక్కదు. అందుకే చిన్నమ్మ బిడ్డ పాలు తాగేటప్పుడు మీరు దగ్గర కూర్చుంటే చూస్తూ ఉండండి. చెమట పడుతున్నాడా, అలిసిపోయి మధ్యలో వదిలేస్తున్నాడా, పడుకున్నప్పుడు డొక్కలు ఎగరేస్తున్నాడా. చేతులూ కాళ్ళూ కాస్త నీలంగా ఉండడం మొదటి రోజుల్లో మామూలే, నాలుక నీలమైతే మాత్రం క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యమని పెద్దవాళ్ళకు చెప్పండి.

బాబు అంకెలు నా నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. చెయ్యి 97, కాలు 98. కార్తీకంలో మీ అత్తమ్మకు నెలలు నిండుతాయి. ఆ పూట నేను దగ్గర లేకపోతే మీలో ఎవరో ఒకరు సిస్టర్‌ను అడగండి, 24 గంటలయ్యాక చేతికీ కాలికీ పెట్టి చూశారా అని. మరాఠీలో అడగాల్సి వస్తే నాకంటే మీకే బాగా వచ్చు.

మీ అమ్మమ్మ