ఆల్ప్స్‌లో బండ్లు తిరగని కంకర దారులు: అపోహలు - వాస్తవాలు

ఇటలీలో ఉత్తర కొసన, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉన్న దక్షిణ టైరోల్‌లో సైకిళ్లు అద్దెకిచ్చే షాపులో పని చేస్తాను. వేసవిలో గ్రావెల్ రైడ్లకు, అంటే కంకర దారుల్లో సైకిలు తొక్కడానికి, జనాన్ని వెంటబెట్టుకుని వెళ్తాను. మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు కూడా వారాంతాల్లో బాగానే వస్తున్నారు. వాళ్ల అపోహల్లో చాలావాటికి మూలం ఒకటే: కార్లు రావు కాబట్టి ఈ దారులు సైకిళ్ల కోసమే వేశారనుకోవడం. నిజానికి ఒకటి రైలు కోసం వేశారు, ఒకటి సైన్యం కోసం, ఇంకోటి దుంగల లారీల కోసం, మరోటి ఆవుల కోసం. ఎవరి కోసం వేశారో తెలిస్తే వాలు ఎంతుంటుందో, గేటు ఎక్కడ తగులుతుందో, ఏ వేళకు బయల్దేరాలో సగం తెలిసిపోయినట్టే.

అపోహ: ఆల్ప్స్ అంటే అంతా నిట్టనిలువు ఎక్కుడే, మనవల్ల కాదు.

పాత రైలు దారిలో ఆ భయం అక్కర్లేదు. టోబ్లాఖ్ నుంచి కోర్టినా డాంపెజ్జోకు వెళ్లే కంకర దారి ఒకప్పటి డోలమైట్స్ రైలు మార్గం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం అవసరాల కోసం పని మొదలుపెట్టారు. 1921లో మొత్తం లైను నడిచింది, 1929లో కరెంటు రైళ్లు వచ్చాయి, 1956లో కోర్టినా వింటర్ ఒలింపిక్స్‌కు జనాన్ని మోసింది, 1964లో మూతపడింది. పట్టాలు పీకేశారు గానీ రైలు ఎక్కగలిగిన వాలు అలాగే ఉంది. టోబ్లాఖ్ నుంచి చిమబాంకే కనుమ (1530 మీటర్లు) దాకా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో మనం ఎక్కేది దాదాపు 300 మీటర్లే. వంద మీటర్లు తొక్కితే రెండు మీటర్లు పైకి వెళ్తామన్నమాట. పిల్లలు కూడా తొక్కేస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వాలు కంటికి కనపడదు. దారి చదునుగా ఉందనిపిస్తుంది, కాళ్లు మాత్రం బరువెక్కుతాయి. బ్రేకు పట్టేసిందేమో చూడమని దారి మధ్యలోంచి షాపుకు ఫోన్ చేసేవాళ్లుంటారు. బ్రేకుకు ఏమీ కాదు. ఒక గేరు తగ్గించుకుని డ్యూరెన్‌సే సరస్సు దాకా నెమ్మదిగా వెళ్లి, అక్కడ ఆగి మోంటే క్రిస్టాల్లో కొండను చూడండి. కనుమ దాటాక కోర్టినా వైపు దిగేటప్పుడు ఫెలిజోన్ లోయ మీద వంతెన, సొరంగాలు వస్తాయి. ఎండలోంచి సొరంగంలోకి దూరగానే కొన్ని క్షణాలు కళ్లకు ఏమీ ఆనదు, ఎదురుగా వచ్చే సైకిలుకూ అదే పరిస్థితి. అందుకే కార్లు రాని దారి అయినా లైటు లేకుండా నేను ఎవరినీ బయల్దేరనివ్వను. శీతాకాలంలో ఇదే దారి స్కీయింగ్ ట్రాక్ అయిపోతుంది, అప్పుడు సైకిలుకు చోటు లేదు.

అపోహ: పాత మిలిటరీ రోడ్లలో ఎప్పుడు వెళ్లినా బండ్లుండవు.

పశ్చిమాన టురిన్ పైనున్న కొండల్లోకి వెళ్తే కథ మారుతుంది. సూసా ఊరి నుంచి కోలే దెల్లె ఫినెస్త్రే కనుమ దాకా పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు, సగటు వాలు 9 శాతం పైమాటే, చివరి 8 కిలోమీటర్లు కంకర. ఇటలీ చుట్టూ సాగే సైకిల్ రేసు జిరో ద ఇటాలియా ఇక్కడికి మొదట 2005లో వచ్చింది. 2018లో క్రిస్ ఫ్రూమ్, 2025లో సైమన్ యేట్స్ రేసును తమవైపు తిప్పుకున్నది ఈ ఎక్కుడు మీదే. కనుమ దాటి అవతలికి కాస్త దిగాక, శిఖరాల వెంబడి సెస్ట్రియేర్ దాకా అసియెట్టా రోడ్డు సాగుతుంది, కొన్నిచోట్ల 2500 మీటర్లు దాటుతుంది. ఫొటోల్లో ఒక్క బండి కూడా కనపడదు. మామూలు రోజున వెళ్తే జీపులూ మోటార్ సైకిళ్లూ లేపిన దుమ్ము నోట్లో పడుతుంది. జులై, ఆగస్టుల్లో బుధ, శనివారాలు పగటిపూట ఇక్కడ మోటారు బండ్లను ఆపే పద్ధతి ఉంది. ఫొటోలు తీసింది ఆ రోజుల్లోనే అయ్యుండాలి. ఆ ఏడాది ప్రకటన చూసుకున్నాకే హోటల్ బుక్ చేసుకోండి.

అపోహ: కారుకు అడ్డం పెట్టిన గేటు సైకిలుకు వర్తించదు.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే, అందులోనూ మ్యూనిక్ నుంచి వచ్చేవాళ్లు. బవేరియాలో ప్రకృతిని ఆస్వాదించే హక్కు ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. అనువైన అడవి దారుల్లో సైకిలు తొక్కుకోవచ్చు. ఆ అలవాటుతోనే సరిహద్దు దాటి ఆస్ట్రియాలోకి వస్తారు. అక్కడ 1975 నాటి అటవీ చట్టం 33వ సెక్షన్ ప్రకారం సరదాగా అడవిలో నడవడానికి అందరికీ హక్కుంది, సైకిలు తొక్కడానికి లేదు. ఆ రోడ్డు బాగోగులు చూసేవాళ్ల అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నచోట సైకిల్ మార్గం బోర్డు పెడతారు, టైరోల్ రాష్ట్రంలో అలాంటి మార్గాలు బోలెడన్ని ఉన్నాయి. బోర్డు లేని ఫారెస్టు రోడ్డు ఎంత విశాలంగా, ఎంత ఖాళీగా ఉన్నా జరిమానా పడొచ్చు, భూమి యజమాని కోర్టుకు కూడా వెళ్లొచ్చు. ఫోన్‌లో యాప్ గీసిన నీలిగీత అనుమతి పత్రం కిందికి రాదు.

బోర్డు చదవడం కూడా తెలియాలి. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రం బోర్డులో బొమ్మేమీ లేకపోతే ఏ వాహనమూ వెళ్లకూడదని అర్థం, సైకిలూ వాహనమే. కింద సైకిళ్లకు మినహాయింపు అని చిన్న పలక ఉంటే దర్జాగా వెళ్లొచ్చు. గుండ్రంలో కారు, మోటార్ సైకిల్ బొమ్మలుంటే ఆ నిషేధం మనకు కాదు. స్విట్జర్లాండ్‌లో ఈ రెండో రకం తరచూ కనపడుతుంది. అక్కడ 1991 అటవీ చట్టం ఫారెస్టు రోడ్లలో మోటారు బండ్లను అడవి పనులకే పరిమితం చేసింది, ఆ రోడ్ల ప్రశాంతతకు అదే కారణం.

అడవి పనులంటే దుంగల లారీలు. పని జరిగే రోజుల్లో మలుపు చాటునుంచి లారీ వచ్చిందంటే రోడ్డు వెడల్పంతా దానిదే. చెట్లు కొడుతున్నారని టేపు కట్టి ఉంటే ఎంత దూరం తొక్కుకొచ్చినా వెనక్కి తిరగాల్సిందే.

అపోహ: మెడలో గంట కట్టిన ఆవు సాధుజంతువు.

మన ఊళ్లలో రోడ్డు మధ్యన పడుకున్న ఆవు పక్కనుంచి బండి పోనిచ్చిన అలవాటు మనకుంది. అది రద్దీకి అలవాటు పడ్డ ఆవు. ఇక్కడి కొండ మేతబీళ్లలో ఆవులు వేసవంతా దూడలతో ఉంటాయి, దూడ జోలికి ఎవరైనా వస్తున్నారనిపిస్తే మీదికొస్తాయి. 2014లో ఇన్స్‌బ్రుక్ దగ్గరి పిన్నిస్ లోయలో కుక్కతో నడుస్తున్న ఒక పర్యాటకురాలు ఆవుల దాడిలో చనిపోయింది. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచి, చివరికి రైతుకూ ఆమెకూ చెరి సగం బాధ్యత అని తేలింది. ఆవుకూ దూడకూ మధ్యలోంచి ఎప్పుడూ వెళ్లకండి. వేగం తగ్గించి, గంట కొట్టకుండా, మామూలు గొంతుతో మాట్లాడుతూ పక్కనుంచి దాటండి. దారికి అడ్డంగా నిలబడితే దిగి చుట్టూ నడిచి వెళ్లడమే. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. కరెంటు తీగకు ప్లాస్టిక్ పిడి ఉంటుంది, దాన్నే పట్టుకోవాలి.

అపోహ: టైరులో గాలి గట్టిగా ఉంటే వేగం.

తారు మీద కొంతవరకు నిజం. కంకర మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, ఆ ఎగిరిన శక్తంతా వృథా. 70 కిలోల మనిషికి 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల మొదలుపెట్టి, వెనక చక్రానికి కాస్త ఎక్కువ ఉంచమంటాను. గాలి కంటే ముఖ్యం బ్రేకు. దిగుడంతా వేళ్లు బ్రేకు మీదే ఉంచి నొక్కుతూ పోతే డిస్కు వేడెక్కుతుంది, ప్యాడ్లు నున్నబడతాయి, బ్రేకు పట్టు సడలుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. ముందు బ్రేకు అంటే అందరికీ టెన్షన్, నిజానికి బండిని ఎక్కువగా ఆపేది అదే. చక్రం తిన్నగా ఉన్నప్పుడు వాడితే భయం లేదు.

అపోహ: జులైలో చలేముంటుంది?

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అసలు సమస్య మధ్యాహ్నం కమ్ముకొచ్చే ఉరుములు. పొద్దున్నే బయల్దేరి, రెండు గంటలకల్లా కనుమ దిగిపోవాలి. విండ్‌చీటర్ బ్యాగులోనే ఉండాలి, హోటల్ గదిలో కాదు.

అపోహ: కాళ్లు నొప్పి పుడితే రైలెక్కేయొచ్చు.

ఎక్కొచ్చు, చోటుంటే. టోబ్లాఖ్ నుంచి లియెంజ్‌కు 44 కిలోమీటర్లు డ్రావా నది వెంబడి దిగుడే కాబట్టి వేసవిలో కుటుంబాలన్నీ అద్దె సైకిళ్లతో అటే దిగి, సాయంత్రం రైలుకు ఎగబడతాయి. స్విట్జర్లాండ్ ఇంటర్‌సిటీ రైళ్లలోనైతే మార్చి 21 నుంచి అక్టోబర్ 31 దాకా సైకిలుకు కూడా రిజర్వేషన్ తప్పనిసరి.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

కొండ మీది హోటళ్లలో ష్లుట్జ్‌క్రాప్‌ఫెన్ అడగండి. పాలకూర, మెత్తటి చీజ్ కూరి కజ్జికాయలా మడిచి ఉడికిస్తారు, పైన వెన్న. పాలకూర క్నోడెల్ ఉండలు కూడా బాగుంటాయి, గుడ్డు పడుతుంది. అచ్చం కూరగాయల సూపులా కనిపించే బార్లీ సూపుతో మాత్రం జాగ్రత్త, అందులో సాధారణంగా పంది మాంసం ముక్కలుంటాయి. ఆర్డర్ ఇచ్చేముందు ష్పెక్ (ఆ పంది మాంసం పేరు అదే) వేస్తారా అని అడగండి. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, కాస్త నగదు ఉంచుకోండి.