ఎండిన కట్టె, ఎండని కట్టె

పొయ్యిలో పెట్టిన తుమ్మ కట్టె ఒక కొన మండుతుండగా రెండో కొన నుంచి బుసబుసమంటూ నురగ కక్కడం పల్లెల్లో పెరిగిన వారందరూ చూసిందే. ఆ నురగ కట్టెలో మిగిలిపోయిన నీరే. చెట్టు బతికి ఉన్నప్పుడు నీటిని పైకి మోసిన సన్నని నాళాల గుండానే ఇప్పుడది ఆవిరితో కలిసి బయటికి వస్తుంది. చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. వరంగల్‌లో అంత చలి లేకపోయినా తెల్లవారుజామున వాకిట్లో చలిమంటలు తప్పవు. ఆ మంట ఒంటికి వెచ్చదనమిస్తుందా, కళ్లు మండిస్తుందా అన్నది చాలావరకు కట్టెలోని నీటిని బట్టే ఉంటుంది.

అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. అటువంటి కట్టె ఒక కిలో తీసుకుంటే, అందులోని అరకిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 310 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మిగతా అరకిలో పూర్తిగా కాలితే వచ్చేది రెండు వేల పైచిలుకు. అంటే నీరు నేరుగా తినేసేది దాదాపు ఏడో వంతు. లెక్క ఇక్కడితో ఆగితే పచ్చి కట్టెతో పెద్ద పేచీ లేదు. అసలు నష్టం మరో చోట జరుగుతుంది. వేడెక్కిన కట్టెలో ఎక్కువ భాగం వాయువులుగా మారుతుంది. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. అవి శుభ్రంగా కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. నీరు ఆవిరవుతున్నంతసేపు కట్టె 100 డిగ్రీల దగ్గరే నిలిచిపోయి, మంటను చల్లబరుస్తుంది. వాయువులు కాలకుండానే పొగై పోతాయి.

అందుకే దసరా వెళ్లాక కట్టెల కోసం వెతకడం ఆలస్యమే అంటాను. చల్లని దేశాల్లో ఏడాదికి పైగా ఆరబెట్టే కట్టెను మన వేసవి, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండ, చాలా త్వరగా ఎండిస్తుంది. అయితే మొద్దును చీల్చి ఆరబెట్టాలి. నీరు కట్టె పొడవునా కదిలినంత సులువుగా అడ్డంగా కదలదు, పైగా బెరడు దాన్ని బంధిస్తుంది. ఎండిన కట్టె కొనల మీద నడుమ నుంచి అంచులకు పగుళ్లు పాకి ఉంటాయి; రెండింటిని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటాయి, పచ్చివైతే మొద్దుగా మోగుతాయి. మృగశిర వానలకు ముందే వాటిని చెదలు పట్టకుండా రాళ్ల మీద పేర్చి, పైన మాత్రమే కప్పాలి. చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టేవారు లోపలి తేమను తామే దాచిపెడుతున్నారు. నిప్పు అంటించడానికి నిరుటి పత్తి కట్టెను మించినది లేదు, కానీ సన్నగా ఉండడం వల్ల భగ్గున మండి ఆరిపోతుంది.

కరెంటు హీటరు ఉన్నవారికి ఒక్క మాట: 2,000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కనుక 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించకూడదు, ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టరు దాన్ని మోయలేదు.

కరెంటు పోయిన రాత్రి గుర్తొచ్చేది బొగ్గుల కుంపటి. పొగ రాదు కదా అని దాన్ని గదిలోకి తెచ్చి తలుపులు మూస్తారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి తలనొప్పి అయినా తెలియదు. నిప్పులపై బూడిద కప్పితే ప్రమాదం తగ్గినట్టు కాదు, గాలి సరిగా అందని నిప్పు నుంచి ఆ వాయువు ఇంకా ఎక్కువగానే వెలువడుతుంది. పడుకునే ముందు కుంపటిని వాకిట్లో పెట్టవలసిందే.